మ్యాపులో గాలి కదులుతున్నంత మాత్రాన అది లైవ్ కాదు: సముద్రం, వాతావరణం పటాలపై అపోహలు – వాస్తవాలు

నవంబరు మొదలైతే నా ఫోన్ ఆగదు. "అన్నా, మ్యాపులో అండమాన్ కింద సుడి తిరగతా ఉంది. మనకేనా?" అని జువ్వలదిన్నె నుంచి ఒక బోటు యజమాని అడుగుతాడు. "మా ఊరి మీద వాన రంగు లేదు, రేపు రొయ్య పట్టుబడి పెట్టుకోవచ్చా?" అని ఇంకో రైతు అడుగుతాడు. ఇద్దరి చేతిలోనూ మంచి పటమే ఉంటుంది. దాన్ని చదవడంలోనే పొరపాటు జరుగుతుంది.

కృష్ణపట్నం రేవు దగ్గర తిరిగే టగ్గులకు (పెద్ద ఓడల్ని లాగే పడవలకు), చిన్న నావలకు గాలి, అల చూసి చెప్పడం పదమూడేళ్లుగా నా పని. పుట్టింది కొత్తపట్నం పల్లెపాలెంలో. మా నాన్న తెల్లవారుజామున ఒడ్డున నిలబడి, చెంపకు తగిలే గాలిని బట్టి, అల విరిగే చప్పుడును బట్టి పడవ దించాలా వద్దా తేల్చేవాడు. ఇప్పుడు ఆయన మనవళ్లు ఫోన్‌లో ఎర్త్ నల్‌స్కూల్, విండీ, జూమ్ ఎర్త్ లాంటి వాతావరణ పటాలు తెరుస్తున్నారు. నాకు చాలా సంతోషం. ఒకప్పుడు పెద్ద ఆఫీసుల్లో మాత్రమే కనిపించిన సమాచారం ఇవాళ రూపాయి ఖర్చు లేకుండా పల్లెపాలెం దాకా వచ్చింది. అందుకే, ఈ పటాల మీద నేను రోజూ వినే అపోహల్ని రాయాలనిపించింది.

అపోహ: గీతలు కదులుతున్నాయి కాబట్టి అది ఇప్పుడు వీస్తున్న గాలి

అన్ని పొరపాట్లకూ మూలం ఇదే. నల్‌స్కూల్‌లోనో విండీలోనో పారే ఆ సన్నటి గీతలు ఏ కెమెరా తీసినవీ కావు. ఒక గడియకు లెక్కగట్టిన గాలిని తీసుకుని, దాని వెంట చుక్కల్ని పరిగెత్తించి చూపే బొమ్మ అది. ఆ లెక్క చేసేది మోడల్, అంటే వాతావరణాన్ని ముందుగా లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్. అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్ అనే మోడల్ రోజుకు నాలుగుసార్లు, మన టైములో ఉదయం 5:30, 11:30, సాయంత్రం 5:30, రాత్రి 11:30 నాటి పరిశీలనలతో లెక్క మొదలుపెడుతుంది. ఉపగ్రహాలు, బెలూన్లు, విమానాలు, ఓడలు, సముద్రంలో తేలే బోయాలు ఇచ్చిన కొలతలన్నీ అందులో కలుస్తాయి. లెక్క ముగిసి పటంలోకి రావడానికి గంటలు పడుతుంది. మీరు ఉదయం 8 గంటలకు మ్యాపు తెరిస్తే, మీరు చూసేది సాధారణంగా రాత్రి 11:30 పరిశీలనల నుంచి ముందుకు లాగిన అంచనా. అది బాగానే ఉంటుంది, చాలాసార్లు సరిగ్గానే ఉంటుంది. కానీ అది అంచనా.

నిజంగా తీసిన చిత్రం కావాలంటే వేరే చోట చూడాలి. మన ఇన్సాట్ ఉపగ్రహాల మేఘాల చిత్రాలు భారత వాతావరణ శాఖ సైట్‌లో అరగంట తేడాతో వస్తుంటాయి. వానను చూడటానికి మన తీరానికి శ్రీహరికోట, మచిలీపట్నం, చెన్నై డాప్లర్ రాడార్లు ఉన్నాయి. నాసా వాళ్ల వరల్డ్‌వ్యూలో పగటి ఉపగ్రహ చిత్రం చూడొచ్చు. మోడల్ పటంలో సుడి ఒక చోట ఉండి, ఉపగ్రహ చిత్రంలో మేఘాల చుట్ట ఇంకో చోట ఉంటే నేను ఉపగ్రహాన్నే నమ్ముతాను. వాయుగుండం ఇంకా గట్టిపడని రోజుల్లో ఈ తేడా బాగా కనిపిస్తుంది.

ఇంకొక చిన్న సంగతి. పటం అడుగున ఉన్న సమయం గ్రీనిచ్ టైమా, మన టైమా చూసుకోండి. 00 అని ఉంటే అది అర్ధరాత్రి కాదు, మనకు ఉదయం 5:30. ఐదున్నర గంటల తేడాతో వేటకు వెళ్లే నిర్ణయమే మారిపోతుంది.

అపోహ: బాగా జూమ్ చేస్తే మా ఊరి వాన తెలుస్తుంది

జూమ్ చేస్తే బొమ్మ పెద్దదవుతుంది, సమాచారం పెరగదు. జీఎఫ్ఎస్ ప్రపంచాన్ని సుమారు 13 కిలోమీటర్ల గళ్లుగా, యూరప్ వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్ మోడల్ సుమారు 9 కిలోమీటర్ల గళ్లుగా చేసి లెక్కిస్తాయి. గడికీ గడికీ మధ్య రంగును నున్నగా పూసేది మ్యాపే. మైపాడు బీచ్ మీద వేలు పెడితే వచ్చే అంకె, సగం నేల, సగం నీరు కలిసిన ఒక గడిది కావచ్చు.

మన తీరానికి ఇది చాలా ముఖ్యం. మే, జూన్‌లో నెల్లూరు, ఒంగోలులో వేడి ఎంత అన్నది సముద్రపు గాలి ఎన్నింటికి లోపలికి వచ్చిందన్న దాని మీదే ఉంటుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజు అది మధ్యాహ్నం దాకా తీరం దగ్గరే ఆగిపోతుంది, ఊరు కాలిపోతుంది. ఆ ఆగిన గీత కొన్ని కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. పెద్ద గళ్ల మోడల్‌కు అది సరిగ్గా దొరకదు. సాయంత్రం ఉరుములతో వచ్చే వాన కూడా అంతే, కొడవలూరులో కురిసి కోవూరులో చుక్క పడకపోవచ్చు. "మా ఊరి మీద రంగు లేదు" అన్న మాటను నేను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోను. జిల్లా మొత్తం మీద రంగు ఎటు ఉందో చూస్తాను.

అపోహ: గాలి లేదు కాబట్టి సముద్రం నిమ్మళంగా ఉంటుంది

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది నా సొంత తప్పు.

ఎనిమిదేళ్ల కిందట, వేసవి వేట నిషేధం ముగిసిన వారానికి మా వాళ్లు అడిగితే గాలి పటం చూసి చెప్పాను. పొద్దున పడమటి గాలి, 6 నాట్స్. గంటకు 11 కిలోమీటర్లు. "పోండి, ఏం కాదు" అన్నాను. ఒడ్డు నుంచి దించేటప్పుడే ఫైబర్ బోటు తిరగబడింది. మా చిన్నాన్న కొడుకు చెయ్యి విరిగింది. తర్వాత అలల పటం తెరిచి చూస్తే అక్కడే ఉంది: ఎత్తు 1.2 మీటర్లే, కానీ అలకూ అలకూ మధ్య 16 సెకన్లు. నేను ఆ పొర తెరవనే లేదు.

అలలు రెండు రకాలు. ఒకటి ఇక్కడి గాలికి పుట్టేది. గాలి తగ్గితే అదీ తగ్గుతుంది. రెండోది ఎక్కడో దూరాన తుఫానులకు పుట్టి నడిచి వచ్చేది. పటాల్లో దీన్ని స్వెల్ అంటారు. దక్షిణ సముద్రంలో, అంటార్కిటికా వైపు వీచే పెద్ద గాలులకు పుట్టిన అల లోతు నీటిలో రోజుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా నడుస్తుంది. ఐదారు రోజుల తర్వాత బంగాళాఖాతంలోకి వస్తుంది. మనకు శ్రీలంక కొంత అడ్డు, కానీ ఆగ్నేయం నుంచి వచ్చేది నేరుగా తగులుతుంది. అది పుట్టిన చోటి గాలి మీ పటంలో మన తీరం దగ్గర ఎందుకు కనిపిస్తుంది?

సెకన్లు ఎందుకు చూడాలంటే, 16 సెకన్ల అల లోతు నీటిలో 400 మీటర్ల పొడవుంటుంది. నడిసంద్రంలో బోటు దాని మీద ఎక్కి దిగినట్టు కూడా తెలియదు. అదే అల ఒడ్డు దగ్గర నేల తగిలేసరికి పొట్టిదై, నిటారుగా లేచి, విరుచుకుపడుతుంది. ప్రమాదమంతా లోపల కాదు, పడవ దించే చోట, ఏటి ముఖద్వారం దగ్గర. 6 సెకన్ల 1.2 మీటర్ల అల వేరు, 16 సెకన్ల 1.2 మీటర్ల అల వేరు.

పటంలో రాసే ఎత్తు కూడా అన్నిటికంటే పెద్ద అలది కాదు. పెద్దవైన మూడో వంతు అలల సగటు. 2 మీటర్లు అని ఉంటే మధ్యలో ఒక్కోటి దాదాపు 4 మీటర్లది రావచ్చు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఉప్పొంగే అలల మీద ప్రత్యేకంగా హెచ్చరికలు ఇస్తుంది. గాలి ఎంత తక్కువగా ఉన్నా ఆ హెచ్చరిక ఉన్న రోజు నేను పడవ దించమని చెప్పను. ఆ రోజు తర్వాత ఒక్కసారి కూడా చెప్పలేదు.

అపోహ: ఎరుపు అంటే ప్రమాదం, 15 అంటే 15 కిలోమీటర్లు

రంగులు ఎవరి ఇష్టం వాళ్లవి. ఒక పటంలో ఎరుపు వేడిని చూపిస్తే ఇంకోదాంట్లో గాలిని చూపిస్తుంది. పక్కనున్న కొలబద్ద చదవకుండా రంగు చూసి టెన్షన్ పడకండి, ధైర్యపడకండి.

కొలత మరీ ముఖ్యం. గాలి వేగాన్ని కిలోమీటర్లలో, నాట్స్‌లో, సెకనుకు మీటర్లలో చూపిస్తారు. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. సెకనుకు 15 మీటర్లంటే గంటకు 54 కిలోమీటర్లు, తీవ్ర వాయుగుండం స్థాయి గాలి. దాన్ని పదిహేను కిలోమీటర్లనుకుని ఒక తమ్ముడు లోపలికి పోబోయాడు. అంకె మీద నొక్కితే చాలా పటాల్లో కొలత మారుతుంది. ఒకసారి మార్చి అలా ఉంచేసుకోండి.

ఎత్తు కూడా చూడండి. 850 అని ఉంటే దాదాపు కిలోమీటరున్నర పైన వీచే గాలి, 500 అంటే ఐదున్నర కిలోమీటర్ల పైన. బోటుకు కావలసింది ఉపరితలం గాలి ఒక్కటే.

దిక్కుల విషయంలో ఒక తిరకాసు ఉంది. గాలికి అది వచ్చే దిక్కుతో పేరు పెడతాం. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేది. సముద్ర ప్రవాహానికి అది పోయే దిక్కుతో పేరు. దక్షిణ ప్రవాహం అంటే దక్షిణానికి పోయేది. మన తీరం వెంట నీరు మార్చి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పారుతుంది. అంటే నవంబరులో ఇంజన్ ఆగిన బోటు పులికాట్ వైపు కొట్టుకుపోయే అవకాశమే ఎక్కువ. ఏప్రిల్‌లో అదే బోటును ఒంగోలు వైపు వెతకాలి.

అపోహ: పది రోజుల ముందే తుఫాను కనిపించింది, ఇక వచ్చినట్టే

సీజన్‌లో ప్రతి వారం ఎవరో ఒకరు పదో రోజు పటాన్ని స్క్రీన్‌షాట్ తీసి, కావలి మీద సుడి ఉన్న చోట చుట్టు గీసి గ్రూపుల్లో పెడతారు. ఆ పూట ఊళ్లో నిద్ర ఉండదు. ఆరు గంటల తర్వాత వచ్చిన కొత్త లెక్కలో అదే సుడి మయన్మార్ మీద ఉంటుంది, లేదా అసలు ఉండదు.

మొదట్లో చిన్న తేడా ఉంటే పది రోజుల్లో అది వందల కిలోమీటర్లవుతుంది. అందుకే వాతావరణ కేంద్రాలు మొదలుపెట్టే కొలతల్ని కొంచెం కొంచెం మార్చి లెక్కను మళ్లీ మళ్లీ చేస్తాయి. యూరప్ వాళ్లది ఇలా 51 లెక్కలు. వాటిలో ఎన్ని మన తీరం వైపు చూపిస్తున్నాయన్నదే సరైన ప్రశ్న. మీ స్క్రీన్‌షాట్ వాటిలో ఒక్కటి మాత్రమే. నేను ఐదు రోజుల లోపల ఉంటేనే దారి గురించి మాట్లాడతాను. జీఎఫ్ఎస్, యూరప్ మోడల్ రెండూ వరసగా మూడు నాలుగు లెక్కల్లో ఒకే మాట చెబుతుంటే బోటు యజమానులకు ఫోన్ చేస్తాను.

దూరంగా పుట్టింది కదా అని వదిలేయడమూ తప్పే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన ఆ పెను తుఫాను ముందు థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టింది. అక్కడి సన్నటి నేలను దాటి, బంగాళాఖాతంలో మళ్లీ బలపడి మన మీదికి వచ్చింది.

అపోహ: తీరం దాటేది వేరే చోట, మనకు భయం లేదు

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గర. కానీ అంతకు ముందు నెల్లూరు, కావలి పక్కనే తీరాన్ని ఆనుకుని నెమ్మదిగా పైకి పోయింది. తీరం దాటే చుక్క మీదే చూపు పెట్టుకున్నవాళ్లు నెల్లూరు జిల్లాలో కురిసిన వానకు సిద్ధంగా లేరు.

2021 నవంబరు నాకింకా గట్టి పాఠం. 19న చెన్నై దగ్గర తీరం దాటింది తుఫాను కూడా కాదు, వాయుగుండం. గాలి పటంలో చూస్తే భయపడేదేమీ లేదు. కానీ వాన చిత్తూరు, కడప జిల్లాల మీద పడింది. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్నలోకి వచ్చిన నీళ్లు సోమశిల దాటి మన మీదికి వచ్చాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద నేల కొట్టుకుపోయింది, హైవే తెగింది. అప్పటినుంచి నేను గాలి పొరతో ఆగడం లేదు. మూడు రోజుల మొత్తం వాన చూపించే పొర తెరిచి, నెల్లూరు మీద కాదు, పెన్న, చెయ్యేరు, పాపాఘ్ని పారే కడప మీద ఎంత ఉందో చూస్తాను.

ఉప్పెనకు లెక్క వేరు. మన అర్ధగోళంలో సుడి అపసవ్యంగా తిరుగుతుంది. సముద్రం నుంచి వచ్చే తుఫానుకు కుడి పక్క గాలి నీటిని నేల మీదికి తోస్తుంది, ఎడమ పక్క గాలి నీటిని సముద్రంలోకి లాగుతుంది. తుఫాను సూళ్లూరుపేట దగ్గర దాటితే కోడూరు, మైపాడు కుడి పక్కన ఉంటాయి. బాపట్ల దగ్గర దాటితే ఎడమ పక్కన. యాభై కిలోమీటర్ల తేడాతో ఊరి గతి మారుతుంది, కాబట్టి చివరి రోజు దారిని గంట గంటకూ చూడాల్సిందే.

అపోహ: నీటి వేడి పటం చూస్తే చేప, చెరువు రెండూ తెలిసిపోతాయి

చేపల గురించి: ఉత్త వేడి చాలదు. వేడి, చల్లటి నీరు కలిసే అంచులు, నీటిలో సన్నటి నాచు వల్ల వచ్చే పచ్చదనం కలిపి చూసి ఇన్‌కాయిస్ చేపలుండే చోట్లను ప్రకటిస్తుంది. మేఘాలుంటే ఉపగ్రహానికి కనిపించదు. పెన్న ముఖద్వారం దగ్గర బురద నీరు కూడా పచ్చదనంలా కనబడి మోసం చేస్తుంది. చెరువు గురించి: ఉపగ్రహం చూసేది నడిసంద్రం పై పొర. మీ రొయ్యల చెరువు నీటికి థర్మామీటరే దిక్కు.

అపోహ: అన్నిటికంటే మంచి మ్యాపు ఒకటుంటుంది

ఈ ప్రశ్న రోజూ వస్తుంది. విండీ, నల్‌స్కూల్ సొంతంగా వాతావరణాన్ని లెక్కగట్టవు. ఎక్కువగా ఆ నాలుగైదు మోడళ్లనే వేర్వేరు రంగుల్లో చూపిస్తాయి. రెండు యాప్‌లు ఒకే మాట చెప్పాయంటే ఇద్దరు సాక్షులు దొరికినట్టు కాదు, రెండిట్లోనూ ఒకే మోడల్ ఉండొచ్చు. ఏ మోడలో చూసి, వేరే మోడల్‌తో పోల్చండి. వేటకు వెళ్లొద్దన్న హెచ్చరిక, రేవులో ఎగరేసే ప్రమాద సూచిక ఉంటే ఏ పటంతోనూ వాటిని కొట్టేయకండి. అవి ఇచ్చేవాళ్లు ఈ మోడళ్లన్నిటితో పాటు రాడార్, బోయాల కొలతలు కూడా చూసే ఇస్తారు.

నేను తెల్లవారి 5 గంటలకు ముందు ఉపగ్రహ చిత్రం, తర్వాత అలల ఎత్తు, సెకన్లు, ఆ తర్వాతే గాలి తెరుస్తాను. చివరికి కొత్తపట్నానికి ఫోన్ చేస్తాను. నాన్న ఇప్పుడు సముద్రంలోకి పోవడం లేదు గానీ ఒడ్డుకు రోజూ వస్తాడు. "గాలి ఇంకా తిరగలేదురా, అల మాత్రం బరువుగా ఉంది" అంటాడు. ఆ మాటను మోడల్ అంకె పక్కనే నోట్‌బుక్‌లో రాసుకుని, రెండూ కలవని రోజు టగ్గు వాళ్లకు ఇంకో గంట ఆగమని చెబుతాను.