కోకర్, ఎలియట్, సిమ్స్: ఆపరేషన్ థియేటర్ పేర్ల వెనుక ఎవరున్నారు?

'ఆలిస్', 'కోకర్', 'బాబ్‌కాక్'. చెన్నై సెంట్రల్ ఎదుట ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోనైనా, ఊరి చివరి చిన్న నర్సింగ్ హోమ్‌లోనైనా సర్జన్ చేయి చాపి అడిగేది ఈ పేర్లతోనే. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ నర్సింగ్ చదివే మన పిల్లలు థియేటర్‌లో అడుగుపెట్టగానే బట్టీపట్టేదీ వీటినే. ఇవి ఆపరేషన్‌లో శరీర కణజాలాన్ని పట్టి ఉంచే పట్టకార్లు. ట్రేలో పక్కపక్కన పెడితే మూడూ ఒకేలా కనిపిస్తాయి. తేడా అంతా కొసలోనే ఉంది. కోకర్ కొసన ఒకదానిలో ఒకటి దిగే గట్టి పళ్లుంటాయి, పట్టు జారదు. ఆలిస్‌కు సన్నని పళ్ల వరుస ఉంటుంది. బాబ్‌కాక్‌కు పళ్లే ఉండవు. నడుమ ఖాళీ వదిలిన గుండ్రని కొసతో అది పేగును నలగనివ్వకుండా పట్టుకుంటుంది.

థియోడర్ కోకర్ స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగర సర్జన్. థైరాయిడ్ గ్రంథిపై చేసిన కృషికి 1909లో నోబెల్ అందుకున్నారు. ఆలిస్, బాబ్‌కాక్ ఇద్దరూ ఫిలడెల్ఫియా సర్జన్లు.

పరికరానికి మనిషి పేరు పెట్టే అలవాటు అనాదిగా వస్తున్నది కాదు. సుశ్రుత సంహిత 101 యంత్రాలను, 20 శస్త్రాలను చెబుతుంది. వాటిలో సింహముఖం, కాకముఖం, కంకముఖం వంటివి ఉన్నాయి కానీ ఏ వైద్యుడి పేరూ లేదు. పందొమ్మిదో శతాబ్దంలో పరిస్థితి మారింది. 1846లో ఈథర్ మత్తు, 1867లో బ్రిటిష్ సర్జన్ లిస్టర్ క్రిమిరహిత పద్ధతి వచ్చాక కడుపు తెరవడం మునుపటికన్నా సురక్షితమైంది. ప్రతి కొత్త ఆపరేషన్‌కూ కొత్త పనిముట్టు కావలసి వచ్చింది. పరికరాలు తయారుచేసే కంపెనీలు తమ క్యాటలాగుల్లో వాటిని ఫలానా సర్జన్ పేరుతో అచ్చువేశాయి. ఆ పేరే అమ్మకానికి హామీ అయింది, అదే నిలిచిపోయింది.

మద్రాసు కూడా ఈ జాబితాకు పేర్లిచ్చింది. 1819లో మొదలైన ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి ప్రపంచంలోనే అతి పాతవాటిలో ఒకటి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో దాని సూపరింటెండెంట్ రాబర్ట్ హెన్రీ ఎలియట్. నీటికాసుల జబ్బులో (గ్లాకోమా) కంటిలోని ద్రవం బయటికి పోయే దారి మూసుకుపోతుంది, ఒత్తిడి పెరిగి చూపు పోతుంది. నల్లగుడ్డు అంచున, తెల్లగుడ్డు కలిసే చోట, చిన్న గొట్టపు కత్తితో గుండ్రటి రంధ్రం చేసి ఆ ద్రవానికి దారి ఇచ్చే ఆపరేషన్‌ను ఎలియట్ 1909లో ఇక్కడే మొదలుపెట్టారు. ఆ కత్తి 'ఎలియట్ ట్రెఫైన్'గా దేశదేశాలకు వెళ్లింది. అదే సమయంలో గ్లాస్గోలో ఫ్రీలాండ్ ఫెర్గస్ కూడా ఇలాంటి ఆపరేషనే చేశారు, కానీ పేరు ఎలియట్‌కే దక్కింది. నన్ను కలవరపెట్టేది మరొకటి. ఆ కత్తి కింద కళ్లు పెట్టినవారు మద్రాసు రోగులు. వాళ్లలో ఒక్కరి పేరూ ఆ పరికరం కథలో వినిపించదు.

పరికరాలకే కాదు, ఒక క్రిమికీ ఒక పరీక్షకూ కూడా మద్రాసు పేర్లిచ్చింది. 1903లో జనరల్ ఆసుపత్రిలో చార్లెస్ డోనోవాన్ అనే వైద్యుడు, జ్వరంతో ప్లీహం ఉబ్బిన రోగుల ప్లీహం నుంచి తీసిన నమూనాల్లో కాలా ఆజార్ క్రిములను చూశారు. బ్రిటన్‌లో లీష్మన్ అనే వైద్యుడు కూడా వాటినే చూసి ఉండటంతో రోనాల్డ్ రాస్ ఆ క్రిమి పేరులో ఇద్దరినీ కలిపి 'లీష్మానియా డోనోవాని' అన్నారు. మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారూ మద్రాసు మెడికల్ కాలేజీ విద్యార్థే. ఖద్దరు గౌను వేసుకుని సర్జరీ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై ఎంబీబీఎస్ బదులు దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో బయటపడిన ఆయన పేరు, 1925 నుంచి 'ఫిస్క్-సుబ్బారావు పద్ధతి'గా ప్రపంచ ప్రయోగశాలల్లో నిలిచింది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పరీక్ష అది. ఆ కాలేజీ గేటు దాటే ప్రతి తెలుగు విద్యార్థికీ ఈ సంగతి తెలియాలి.

పేర్లపై అసలు వివాదం సిమ్స్ స్పెక్యులంతో తీవ్రమైంది. యోనిని తెరిచి లోపల పరీక్షించడానికి స్త్రీల వార్డుల్లో ఇప్పటికీ వాడే ఈ రెండు కొసల వంపు పరికరం అమెరికా సర్జన్ మేరియన్ సిమ్స్ పేరిట ఉంది. కాన్పులో మూత్రాశయానికీ యోనికీ మధ్య ఏర్పడే రంధ్రాన్ని (ఫిస్టులా) నయం చేసే పద్ధతి కోసం ఆయన 1845 నుంచి 1849 వరకు అలబామాలో బానిస స్త్రీలపై, మత్తు ఇవ్వకుండా ఆపరేషన్లు చేశారు. అనార్కా అనే యువతికి దాదాపు 30 సార్లు చేశారు. బెట్సీ, లూసీ మరో ఇద్దరు. కాదనే హక్కు వాళ్లకు లేదు. 2018లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ నుంచి సిమ్స్ విగ్రహాన్ని తొలగించారు.

జబ్బుల పేర్ల విషయంలో మార్పు మరింత ముందుకు వెళ్లింది. నాజీ ప్రయోగాలతో సంబంధమున్న హాన్స్ రైటర్ పేరు వదిలి ఇప్పుడు 'రియాక్టివ్ ఆర్థరైటిస్' అంటున్నారు. కొత్త జబ్బులకు మనుషుల పేర్లూ ఊర్ల పేర్లూ పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఆ సూచన అప్పట్లోనే ఉంటే కండ్లకలకకు 'మద్రాస్ ఐ' అనే పేరు ఉండేది కాదు.

పరికరాల సంగతి వేరని నా అభిప్రాయం. కడుపు మూసే ముందు నర్సు ప్రతి పరికరాన్నీ పేరుతో లెక్క చూస్తుంది. ఒకే ట్రేకి పాత పేరూ కొత్త పేరూ నడిస్తే లెక్క తప్పే ప్రమాదం ఉంది. చాలా పేర్లను కాలమే పక్కకు తప్పిస్తుంది కూడా. 1968లో నీటికాసులకు కెయిర్న్స్ అనే సర్జన్ ట్రాబెక్యులెక్టమీ అనే కొత్త ఆపరేషన్ పద్ధతి వచ్చాక ఎలియట్ ఆపరేషన్ క్రమంగా వెనుకబడింది. సిమ్స్ పేరు మాత్రం రోజూ పలుకుతూనే ఉన్నాం. స్పెక్యులం చేతికిచ్చి దాని వాడకం నేర్పే తరగతిలోనే అనార్కా, బెట్సీ, లూసీల గురించీ చెప్పాలి. అందుకు సిలబస్ మారనక్కర్లేదు, ఐదు నిమిషాలు చాలు.