ఇరవై మీటర్ల తీగ

రేడియో సెట్టు సొంతంగా తయారు చేసుకోవడం అందరి వల్లా అయ్యే పని కాదు. ఏంటెనా అలా కాదు. కాస్త రాగి తీగ, మూడు ఇన్సులేటర్లు, కోయాక్షియల్ కేబుల్, టంకం వేసే సామాను ఉంటే ఒక పూటలో కట్టేయొచ్చు. సరదా కోసం రేడియోలో మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్లు దీన్ని డైపోల్ అంటారు: నడుమ కేబుల్, దానికి అటూ ఇటూ చేతుల్లా చాచిన రెండు సమానమైన తీగలు. ఈ ఏంటెనా అంటే నాకు ప్రాణం. 1880ల చివర్లో హెర్ట్జ్ రేడియో తరంగాలను పుట్టించి చూపింది కూడా ఇలాంటి రెండు చేతుల ఏంటెనాతోనే.

ఇందులో కీలకమంతా పొడవులోనే ఉంది. తీగలో పరుగెత్తే కరెంటు కొస దాకా వెళ్లి, ముందుకు దారి లేక వెనక్కి మళ్లుతుంది. తీగ సరిగ్గా సగం తరంగదైర్ఘ్యం ఉంటే, ఈ కొస నుంచి ఆ కొసకు పోయి తిరిగొచ్చేసరికి ఒక పూర్తి తరంగం అవుతుంది. అప్పుడు తిరిగొచ్చిన కరెంటు, కొత్తగా వచ్చే కరెంటుతో అడుగు కలుపుతుంది. మీటిన తంత్రి నడుమ బాగా ఊగి కొసల్లో కదలనట్టే, ఇక్కడా కరెంటు మధ్యలో ఎక్కువ, కొసల్లో సున్నా. వోల్టేజీ మాత్రం తలకిందులు. కొసల దగ్గరే ఎక్కువ. అందుకే సెట్టులో మాట్లాడుతున్నప్పుడు కొసలను తాకితే చెయ్యి కాలుతుంది.

ఇక లెక్క. 300ని మెగాహెర్ట్జ్‌లలో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. హామ్ వాళ్లు వాడే 7.1 మెగాహెర్ట్జ్‌కి సుమారు 42.2 మీటర్లు, అందులో సగం 21.1. కానీ నిజం తీగకు అంత పొడవు అక్కర్లేదు. కొసల ప్రభావం వల్ల దాదాపు 5 శాతం తక్కువ చాలు. అంటే 20 మీటర్లు, చేతికి పది చొప్పున. తీగ మీద ప్లాస్టిక్ తొడుగుంటే ఇంకాస్త తగ్గుతుంది.

అయినా మొదట 21.1 మీటర్లే కత్తిరించి, సరిగ్గా సగానికి రెండు చేతులుగా చేయండి. నడుమ ఇన్సులేటర్ దగ్గర కేబుల్ లోపలి తీగను ఒక చేతికి, పైన అల్లిన షీల్డును రెండో చేతికి టంకం వేసి, వాన నీరు కేబుల్‌లోకి దిగకుండా గట్టిగా మూసేయండి. పైకెత్తి ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో చూడండి. పంపిన శక్తిలో ఎంత ఏంటెనా నుంచి తిరిగొస్తుందో చెప్పేది ఇదే; ఒకటి చూపితే ఏమీ తిరిగి రావట్లేదని. రీడింగ్ 6.8 మెగాహెర్ట్జ్ దగ్గర అన్నిటికన్నా తక్కువగా ఉందనుకుందాం. తీగ పొడవెక్కువైందన్నమాట. 21.1ని 6.8తో గుణించి 7.1తో భాగిస్తే 20.2. అంటే ఒక్కో వైపు 45 సెంటీమీటర్లు తగ్గించాలి. వెంటనే కత్తెర తీయకండి. కొసను వెనక్కి మడిచి, తీగకే బిగుతుగా చుట్టి మళ్లీ చూడండి. తేడా వస్తే విప్పుకోవచ్చు, కోసిన తీగను అతకడం చికాకు. రీడింగ్ 1.5కి వస్తే ఇక ఆపేయొచ్చు. తిరిగొచ్చే శక్తి 4 శాతమే. 2 వచ్చినా 11 శాతమే. ఒకటి రావాలని రోజంతా టెన్షన్ పడనక్కర్లేదు.

రెండు స్తంభాలు లేకపోతే నడుమ ఒక్క గడ ఎత్తి, రెండు చేతులనూ కిందికి వాలుగా కట్టండి. సూటిగా చాచిన డైపోల్ శూన్యంలో కరెంటుకు 73 ఓముల ఇంపిడెన్సు (అడ్డు) చూపితే, ఇలా వాల్చినప్పుడు అది తగ్గి, కేబుల్‌కు ఉండే 50 ఓములకు దగ్గరవుతుంది. కేబుల్‌ను ఏంటెనా కిందే కొన్ని చుట్లు చుట్టి కట్టేస్తే షీల్డు బయటి వైపున పారే కరెంటు తగ్గుతుంది.

కరెంటు తీగల దరిదాపుల్లో మాత్రం కట్టొద్దు. తెగినా, ఊగినా, పడినా వాటికి తగలనంత దూరం ఉండాలి. ఉరుములు మొదలవకముందే కేబుల్‌ను సెట్టు నుంచి తీసేయాలి. వినడానికి ఎలా ఉన్నా, మాట్లాడాలంటే లైసెన్సు ఉండాల్సిందే.

అంత చోటు లేదా? 145 మెగాహెర్ట్జ్‌కి చేతికి 49 సెంటీమీటర్లు చాలు, కిటికీ దగ్గర వేలాడదీయొచ్చు. ఆ బ్యాండులో చేతి సెట్ల ఏంటెనాలు నిలువుగా ఉంటాయి కాబట్టి దీన్నీ నిలువుగానే కట్టి, కేబుల్‌ను పక్కకు లంబంగా లాగండి.