సోఫాలో గోమార్లు, మూడు భోజనాల లెక్క

చిన్నారులకు,

"కుక్కకి స్నానం చేయించాం, సోఫా దులిపాం. పది రోజులకల్లా మళ్ళీ గోమార్లు! ఇవి దూదిలోంచి పుడుతున్నాయా తాతయ్యా?" అని అడిగారు. దూదిలోంచి కాదు గానీ, దాని పక్క సందులోంచే.

గోమారి, కొందరు పిడుదు అంటారు, సాలీడుకి దగ్గరి చుట్టం. ఇళ్ళల్లో తిష్ఠ వేసేది ఎక్కువగా కుక్క గోమారే. దాని బతుకు మొత్తానికి ముఖ్యమైన భోజనాలు మూడు. సత్రంలో దిగిన బాటసారి అనుకోండి. కుక్క ఒళ్ళు భోజనశాల, మీ సోఫా పడకగది. కొన్ని రోజులు రక్తం తాగి రాలిపోతుంది, సందులో దూరి కుబుసం విడుస్తుంది, మళ్ళీ వడ్డనకి వెళుతుంది. మూడో భోజనమయ్యాక ఆడది శనగగింజంత ఉబ్బి, ఏ పగుల్లోనో వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. అద్దె కట్టకపోగా పిల్లల్ని గదిలో వదిలిపోయే రకమన్నమాట! వడ్డన ఆలస్యమైనా కంగారు పడదు, నెలల తరబడి పస్తుంటుంది.

అందుకే భోజనశాల, గదులు ఒకే రోజు మూయాలి. కుక్కకి పశువైద్యుడు చెప్పిన మందు వేసిన రోజే సోఫా పని కూడా పట్టాలి. కుక్క మందు పిల్లికి వాడకండి. వాటిలో కొన్నిటిలో ఉండే పెర్మెత్రిన్ అనే పురుగుమందు పిల్లి ప్రాణం తీస్తుంది.

దిండు గలీబులు, దుప్పట్లు 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకాలి. చన్నీళ్ళకి ఇవి చావవు, గంటల తరబడి మునిగినా బతికే ఉంటాయి. ఉతకలేని సోఫాకి వాక్యూమ్ క్లీనరే దిక్కు. సన్నటి మూతి తగిలించి కుట్ల వెంబడి, మెత్తల కింద, చేతుల పక్క లోతుల్లో నెమ్మదిగా లాగాలి. అందరూ మరిచేది సోఫాని బోర్లించడం. అడుగున కొట్టిన పల్చటి గుడ్డ వెనకా, చెక్క అతుకుల్లో, స్క్రూల బొక్కల్లో ఉంటాయి అసలు కాపురాలు. ఈ జాతికి పైకి పాకే అలవాటుంది కాబట్టి సోఫా వెనక గోడా, పటాల వెనకా కూడా చూడాలి. పని కాగానే వాక్యూమ్ సంచిని ప్లాస్టిక్ కవర్లో ముడేసి బయట పారేయాలి. ఇంట్లోనే ఉంచితే మళ్ళీ పాకి వచ్చేస్తాయి. ఆవగింజ కన్నా చిన్న పిల్లలు గుంపుగా కనిపిస్తే వెడల్పాటి టేపు అద్ది తీయండి. గోళ్ళతో చిదమొద్దు, లోపలి రక్తంలో రోగాలుండవచ్చు.

మా చిన్నప్పుడు కిరోసిన్ పూసేవాళ్ళు. మీరు ఆ పని చేయకండి, మంట అంటుకుంటుంది. పురుగుమందు కొట్టాల్సి వస్తే ఇంట్లో వాడవచ్చని డబ్బా మీద రాసినదే, పెద్దవాళ్ళే, సందుల్లో మాత్రమే కొట్టాలి. పూర్తిగా ఆరేదాకా మీరూ కుక్కా ఆ గదిలోకి పోకూడదు. పగుళ్ళు శుభ్రమయ్యాక చెక్క లప్పంతో పూడ్చేస్తే గదులకి తాళం పడ్డట్టే.

ఇక మీ పది రోజుల సంగతి. గుడ్లు పొదగడానికి సుమారు మూడు వారాల నుంచి రెండు నెలల దాకా పడుతుంది. మీరు దులిపిన రోజు అవి ఇంకా గుడ్లే. అందుకే వారానికి రెండుసార్లు చొప్పున మూడు నెలలు వాక్యూమ్ పట్టాలి. నెలలోపు ఆపేస్తే అంతా మొదటికొస్తుంది.

ఒకటి మీ ఒంటికే పట్టుకుంటే పెద్దవాళ్ళకి చెప్పండి. సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా నిటారుగా లాగాలి. తర్వాతి వారాల్లో జ్వరమొస్తే డాక్టరుకి ఈ సంగతి చెప్పాలి.

దొరికిన వాటిలో చిన్నదొకటి, పెద్దదొకటి స్పిరిట్ సీసాలో వేయమని అమ్మనడగండి. చచ్చాక భూతద్దంలో కాళ్ళు లెక్కపెట్టండి. పెద్దదానికి ఎనిమిది. గుడ్డులోంచి కొత్తగా వచ్చినదానికి ఎన్నో నేను చెప్పను. లెక్కపెట్టి నాకు రాయండి.

ఇట్లు
తాతయ్య