రోశయ్యను పెంచిన పెద్దల సభ

శాసన మండలిని రద్దు చేయాలని 2020 జనవరి 27న చేసిన తీర్మానాన్ని ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2021 నవంబరు 23న వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత పదకొండు రోజులకు, డిసెంబరు 4న, మాజీ ముఖ్యమంత్రి కొణిజేటి రోశయ్య హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఈ రెండు వార్తలనూ నేను కలిపే చదువుకున్నాను. రోశయ్యను వదిలేసి మన మండలి కథ చెప్పడం కష్టం.

ఆయన 1933 జులై 4న గుంటూరు జిల్లా వేమూరులో పుట్టారు. గుంటూరు హిందూ కాలేజీలో కామర్స్ చదివారు, ఎన్.జి.రంగా దగ్గర రాజకీయం నేర్చుకున్నారు. వైశ్య కుటుంబం. కులం ఓట్లు లెక్కేసుకుని నియోజకవర్గాన్ని గుప్పిట్లో పెట్టుకునే అవకాశం ఆయనకు లేదు. అలాంటి మనిషికి తలుపు తెరిచింది మండలి. 1968లో, 1974లో, 1980లో మూడుసార్లు ఎమ్మెల్సీ అయ్యారు. మర్రి చెన్నారెడ్డి మంత్రివర్గంలో తొలిసారి మంత్రి అయింది కూడా ఎమ్మెల్సీగానే.

1983లో సీన్ మారింది. ఎన్టీఆర్ 294 సీట్లలో 201 గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. అసెంబ్లీలో ఎదురు లేదు కానీ, మండలిలో మాత్రం కాంగ్రెస్‌దే మెజారిటీ. అక్కడ ప్రతిపక్షం గొంతుగా నిలిచింది రోశయ్యే. నోట్లు చూడకుండా అంకెలు చెబుతూ, సామెతలు కలుపుతూ మంత్రులను నిలదీసేవారు. ఆ ధాటి తట్టుకోలేకే ఎన్టీఆర్ మండలిని ఎత్తేశారని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఒక్క మనిషి కోసం ఒక సభే పోయిందంటే నేను పూర్తిగా నమ్మను. మెజారిటీ లేని సభ ఏ ప్రభుత్వానికైనా తలనొప్పే. నిజానికి ఏ బిల్లునూ శాశ్వతంగా ఆపే శక్తి మండలికి లేదు. మామూలు బిల్లును మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల ఆపగలదు, ద్రవ్య బిల్లునైతే పద్నాలుగు రోజులే. ఆ కొద్దిపాటి ఆలస్యం కూడా కొత్త ప్రభుత్వానికి భారమనిపించింది.

రాజ్యాంగం 169వ అధికరణ ప్రకారం అసెంబ్లీ తీర్మానం చేస్తే చాలదు, పార్లమెంటు చట్టం చేయాలి. 1983లో అసెంబ్లీ చేసిన మొదటి తీర్మానం ఢిల్లీలో ముందుకు కదల్లేదు. 1985లో మళ్లీ గెలిచాక ఎన్టీఆర్ ఇంకోసారి పట్టుబట్టారు, ఈసారి చట్టం వచ్చింది. 1958 జులై 1న పుట్టిన మండలి 1985 జూన్ 1న రద్దయింది. దాంతో పాటే రోశయ్య సభ్యత్వమూ పోయింది.

ఇక జనం ఓటు అడగక తప్పలేదు. 1989లో చీరాల నుంచి గెలిచి ఆర్థిక మంత్రి అయ్యారు. 1990లో చెన్నారెడ్డి ప్రభుత్వం మండలిని తిరిగి తేవాలని తీర్మానం చేసింది. ఆ బిల్లును రాజ్యసభ ఆమోదించింది కానీ, 1991లో లోక్‌సభ రద్దు కావడంతో అక్కడితో ఆగిపోయింది. 1998లో నరసరావుపేట ఎంపీగా, 2004లో మళ్లీ చీరాల ఎమ్మెల్యేగా ఆయన ప్రయాణం సాగింది. వైఎస్ ప్రభుత్వంలో ఆర్థికంతో పాటు శాసనసభా వ్యవహారాలూ చూశారు. మండలి కోసం 2004 జులైలో అసెంబ్లీ చేసిన తీర్మానం 2007లో ఫలించింది. తొంభై మందితో సభ మళ్లీ కొలువుదీరింది. ఇరవై రెండేళ్లు పట్టిందన్నమాట.

2009లో రోశయ్య అసెంబ్లీకి పోటీ చేయలేదు. మండలికే తిరిగొచ్చారు. సెప్టెంబరు 2న వైఎస్ హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోతే, మర్నాడే డెబ్బై ఆరేళ్ల వయసులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. అక్టోబరులో కర్నూలు వరదలు, డిసెంబరులో తెలంగాణ ప్రకటన, రెండువైపులా ఆందోళనలు. ఆ టెన్షన్ మధ్యనే 2010 బడ్జెట్ కూడా ఆయనే పెట్టారు. అది వరుసగా ఏడోది. ఆ ఏడాది నవంబరు 24న రాజీనామా చేశారు. తర్వాత అయిదేళ్లు తమిళనాడు గవర్నర్.

2020లో మూడు రాజధానుల బిల్లులను మండలి సెలెక్ట్ కమిటీకి, అంటే బిల్లును లోతుగా పరిశీలించే సభ్యుల బృందానికి పంపగానే, అయిదు రోజుల్లో రద్దు తీర్మానం వచ్చింది. 1983 నాటి పరిస్థితే, పార్టీలు మాత్రం వేరు. తర్వాత మండలిలో బలం అధికార పార్టీ చేతికి వచ్చింది, తీర్మానం వెనక్కి పోయింది. ఇప్పుడు ఆంధ్రలో 58 మంది, తెలంగాణలో 40 మంది ఎమ్మెల్సీలున్నారు. వాళ్లలో పదవి దొరకని నాయకుల్ని సర్దుబాటు చేసిన సీట్లు ఎన్ని, చదివి సభకొచ్చి ప్రభుత్వాన్ని లెక్కలతో నిలదీసే రోశయ్యలు ఎందరు అన్నది చూస్తే నాకు బాధేస్తుంది.