హీరో ఒక్కడే మిగులుతాడు, సరే, మిగిలాక ఏమవుతాడు

పెద్ద గేమ్ ఏదైనా రాగానే మనోళ్లలో ఒక లొల్లి ఖాయం. హీరో ఏడ్చినా, చేతులు వణికినా, అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి కూర్చున్నా వెంటనే "ఏంది భాయ్ వీడు, ఇంత వీక్ హీరో ఏంది" అని ఒకడు, "ఈ సెంటిమెంట్ మీద పెట్టిన టైం ఫైట్ల మీద పెడితే అయిపోయేది" అని ఇంకొకడు. 2020లో ది లాస్ట్ ఆఫ్ అస్ రెండో పార్ట్ వచ్చినప్పుడు ఇదే మాట, 2024లో సైలెంట్ హిల్ 2 రీమేక్ వచ్చినప్పుడూ ఇదే మాట. వెనకున్న నమ్మకం ఏంటంటే, ఒకప్పుడు గేమ్ హీరోలు మగాళ్లలాగా ఉండేవాళ్లు, ఈ మధ్యే ఎవరో వచ్చి చెడగొట్టారు అని. అదేం కాదు. హీరోకి మనసులో దెబ్బ, అదీ అందరూ పోయి తనొక్కడే మిగిలిన దెబ్బ, ఎప్పట్నుంచో ఉంది, కాకపోతే ముందు అది కట్‌సీన్‌లో, అంటే ఆట మధ్యలో కథ చెప్పే వీడియోలో, ఉండేది కాబట్టి మనం స్కిప్ కొట్టేవాళ్లం, ఇప్పుడు కంట్రోలర్‌లోకి వచ్చి కూర్చుంది, స్కిప్ బటన్ లేదు, అందుకే ఈ చిరాకంతా.

ఈ కథ ఎక్కడ మొదలైంది అంటే నేనైతే 1980 అంటా. ఆ ఏడు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ల రోగనిర్ధారణ పుస్తకం మూడో ఎడిషన్‌లో పీటీఎస్‌డీ, అంటే ఘోరమైనది చూశాకో అనుభవించాకో మనసుని వదలకుండా పీడించే జబ్బు, అనే పేరు మొదటిసారి ఎక్కింది. అదే ఏడు అటారీ వాళ్ల మిస్సైల్ కమాండ్ వచ్చింది. పైనుంచి క్షిపణులు పడుతుంటాయి, కింద ఆరు సిటీలు, వాటిని కాపాడాలి, ఎంత తోపు ప్లేయరైనా చివరికి అన్నీ పోవాల్సిందే, పోయాక గేమ్ ఓవర్ అని కాదు ది ఎండ్ అని పడతది. దాన్ని తయారుచేసిన డేవ్ థ్యూరర్‌కి ఆ పని జరుగుతున్న రోజుల్లో అణుబాంబు పడినట్టు పీడకలలు వచ్చేవంట, ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. అంటే గేమ్‌లో హీరో లేడు, మొహం లేదు, ఏడవడానికి ఎవడూ లేడు, నిద్ర పోయింది మాత్రం గేమ్ చేసినోడికి.

అందరూ పోయి నేనొక్కడినే ఎందుకు మిగిలా అనే బాధ డాక్టర్ల దగ్గరికి వచ్చింది ఇంకా ముందు. విలియం నీడర్‌లాండ్ అని నాజీల టైంలో జర్మనీ వదిలి అమెరికా చేరిన డాక్టర్, 1960ల్లో, క్యాంపుల్లోంచి బతికి బయటపడ్డ యూదుల్ని నష్టపరిహారం కేసుల కోసం పరీక్షించేవాడు. ఇంత జరిగాక కూడా వాళ్లు తమ మనసుకి నిజంగానే దెబ్బ తగిలిందని కాగితాల మీద నిరూపించుకోవాల్సి వచ్చింది, ఆలోచిస్తేనే ఒళ్లు మండుతది. వాళ్లందరిలో ఆయన చూసిన కామన్ విషయం ఈ అపరాధభావమే. 1980 పుస్తకంలో అది పీటీఎస్‌డీ లక్షణాల లిస్టులోకి కూడా ఎక్కింది, అదీ రెండు రకాలుగా: వేరేవాళ్లు చనిపోయి తను బతికినందుకు ఒకటి, బతకడానికి తను చేసిన పనులకి ఇంకొకటి. 1987 ఎడిషన్‌లో లిస్టులోంచి తీసేశారు, 2013 ఎడిషన్‌కి తనని తానే నిందించుకోవడం, గిల్ట్, సిగ్గు లాంటివన్నీ మళ్లీ లోపలికొచ్చాయి. ఆ రెండో రకం ఉంది చూడండి, బతకడానికి చేసిన పనులు, యాక్షన్ గేమ్ అంటేనే అది కదా, మనం పన్నెండు గంటలు కూర్చుని చేసేది ఆ పనులే.

ఇదంతా ఫారిన్ సరుకు, మనకెందుకు అనేవాళ్లు ఒకసారి శాంతిపర్వం తిరగేయండి. అంత యుద్ధం గెలిచిన ధర్మరాజు సింహాసనం ఎక్కమంటే నాకొద్దు అడవికి పోతా అంటాడు, పైగా కర్ణుడు సొంత అన్న అని అంతా అయిపోయాక తెలిసి కుమిలిపోతాడు, తమ్ముళ్లు, ద్రౌపది, కృష్ణుడు, వ్యాసుడు అందరూ కూర్చుని సర్దిచెప్పాల్సి వచ్చింది. వీక్ హీరో అని ఎవరైనా అన్నారా? అంతదాకా ఎందుకు, మన సిటీలోనే ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు వేల మంది పోయారు, ఉస్మానియా హాస్పిటల్ దగ్గర చింతచెట్టు ఎక్కి ఓ 150 మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ వరదలోనే అమ్జద్ హైదరాబాదీ అనే కవికి తల్లి, భార్య, కూతురు కళ్లముందే కొట్టుకుపోయారు, ఇంట్లో ఆయనొక్కడే మిగిలాడు. తర్వాత ఉర్దూ రుబాయీల్లో ఎంత పేరు తెచ్చుకున్నా ఆ రాత్రి గురించి ఆయన రాసిందే జనం ముందు గుర్తుచేసుకుంటారు.

సరే, గేమ్స్‌కి వద్దాం. ఇక్కడ హైదరాబాద్ సంగతి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ "పాత హీరోలు మగాళ్లు" అనే నమ్మకం పుట్టింది మన నెట్ కెఫేల్లోనే అని నా గట్టి అనుమానం. 2000ల మొదట్లో అమీర్‌పేట్, దిల్‌సుఖ్‌నగర్ కెఫేల్లో గంట లెక్కన డబ్బులు, మీటర్ తిరుగుతుంటే కథ ఎవడు చూస్తాడు, వీడియో స్టార్ట్ అవగానే ఎస్కేప్ నొక్కడమే. ఇంట్లో సిస్టమ్ ఉన్నోళ్లకి కోఠీ ఫుట్‌పాత్ సీడీలు, అందులో సగం రిప్ వెర్షన్లు, అంటే ఒక్క సీడీలో పట్టాలని వీడియోలు, మ్యూజిక్, ఒక్కోసారి డైలాగులు కూడా పీకేసి అమ్మేవి. హీరో ఎందుకు బాధపడుతున్నాడో చెప్పే ముక్కనే కట్ చేసి పారేశారు, మనకి మిగిలింది గన్ను. అలా ఆడి పెరిగినోళ్లకి హీరోకి బాధే లేదనిపించడంలో వింతేముంది.

మాక్స్ పేన్ సంగతే తీసుకోండి, 2001లో వచ్చింది, మన దగ్గర ఆడనోడు లేడు. అందరికీ గుర్తున్నది స్లో మోషన్‌లో పక్కకి ఎగిరి కాల్చడం. కానీ ఆ గేమ్ మొదలయ్యేదే మాక్స్ ఇంటికొచ్చేసరికి పెళ్లాం, పసిబిడ్డ హత్యకి గురై ఉండటంతో. మన ఫ్యాక్షన్ సినిమాలో ఇంటర్వెల్ తర్వాత వచ్చే ఫ్లాష్‌బ్యాక్ వీళ్లు ముందే చూపించారు అనుకోండి. మధ్యలో ఒక పీడకల లెవెల్ ఉంటది, చుట్టూ చీకటి, కింద నెత్తురు గీత, దానిమీదే బ్యాలెన్స్ చేసుకుంటూ నడవాలి, ఎక్కడ్నుంచో బిడ్డ ఏడుపు వినిపిస్తూ ఉంటది, గీత తప్పితే కిందకే. దాన్ని కెఫేలో అందరం తిట్టుకున్నోళ్లమే, ఫ్రెండ్‌ని పిలిచి "జర ఇది దాటించరా" అని సీటిచ్చినోళ్లూ ఉన్నారు. ఇంకోటి, మిగతా గేమ్స్‌లో ప్రాణం తగ్గితే మెడికల్ కిట్ దొరుకుతది, మాక్స్‌కి పెయిన్‌కిల్లర్స్ డబ్బా. స్క్రీన్ మూల మనిషి బొమ్మ ఎర్రగా నిండుతుంటే ఒక బటన్, మాత్ర మింగుతాడు, మళ్లీ పరిగెడతాడు. 2012లో మూడో పార్ట్ వచ్చేసరికి అదే మాక్స్ తాగుడుకీ మాత్రలకీ బానిసై ఉంటాడు. పదకొండేళ్ల ముందు మనం హెల్త్ అనుకుని నొక్కిన బటనే వాడి జబ్బు అన్నమాట, ఇంతకన్నా చక్కగా ఈ విషయం ఏ గేమూ చెప్పలేదేమో.

దానికంటే ముందు 1997లో ఫైనల్ ఫాంటసీ 7. క్లౌడ్ అని పెద్ద కత్తి వేసుకుని తిరిగే కుర్రాడు, నేను సోల్జర్ అనే స్పెషల్ దళంలో ఫస్ట్ క్లాస్ అని బిల్డప్ ఇస్తుంటాడు. అసలు విషయం ఏంటంటే ఆ కత్తి జాక్ అనే ఫ్రెండ్‌ది, సోల్జర్ ఫస్ట్ క్లాస్ అయింది జాక్, క్లౌడ్‌ని మోసుకుంటూ తప్పించి తెచ్చింది జాక్, మిడ్గార్ సిటీ పొలిమేరల్లో షిన్రా కంపెనీ సైన్యం తూటాలకి పోయింది కూడా జాక్. మిగిలినోడి మనసు తట్టుకోలేక పోయినోడి జీవితాన్నే తనది అని చెప్పుకుంటూ బతికేస్తుంటది, అబద్ధం ఆడుతున్నానని వాడికే తెలీదు. ఇంత పెద్ద సీన్, జాక్ చనిపోయేది, ఆ గేమ్‌లో షిన్రా మాన్షన్ బేస్‌మెంట్‌కి మళ్లీ పనిగట్టుకుని వెళ్తేనే వస్తది, వెళ్లకుండానే గేమ్ క్లియర్ చేసినోళ్లు బోలెడంతమంది. అదే గేమ్‌లో క్లౌడ్ టీమ్‌లో ఉండే ఏరిత్ అనే అమ్మాయి చనిపోతది, ఆమెని ఎలాగైనా బతికించే ట్రిక్ ఉందని ఏళ్ల తరబడి పుకార్లు తిరిగాయి, జనం సేవ్ ఫైళ్లు మళ్లీమళ్లీ లోడ్ చేసి వెతికారు. నాకు ఇందులోనే అసలు పాయింట్ కనిపిస్తది. ఆరోజు నేను కొంచెం ముందెళ్లుంటే, ఆ దారిలో కాకుండా ఇంకో దారిలో వెళ్లుంటే అని బతికినోడు తలలో రాత్రిపగలు చేసే పని కూడా ఇదే, రీలోడ్. ఎన్నిసార్లు లోడ్ చేసినా అదే సీన్.

2007లో మాస్ ఎఫెక్ట్ వచ్చింది, అందులో మనం ఆడే హీరో షెపర్డ్‌కి గతం మనమే సెలెక్ట్ చేయాలి, మూడు ఆప్షన్లలో ఒకటి సోల్ సర్వైవర్. అకూజే అనే గ్రహం మీద 50 మంది సైనికులు పోయి తనొక్కడే మిగిలినోడు అన్నమాట. మెనూలో టిక్ పెట్టే వస్తువుగా వచ్చిన ట్రామా ఇది, దానివల్ల గేమ్‌లో మారేది కొన్ని డైలాగులు, ఒక మిషన్. అయితే అదే గేమ్‌లో విర్మైర్ అనే గ్రహం మీద మన టీమ్‌లోని యాష్లీనా కైడనా అని ఒక్కరినే కాపాడే ఛాన్స్ ఇస్తారు, రెండోవాళ్లు పోతారు, ఏ తెలివీ పనిచేయదు. బతికినవాళ్లు తర్వాత షిప్‌లో ఎదురుపడి మాట్లాడుతుంటే తల దించుకోవాలనిపిస్తది. మెనూలో రాసుకున్న 50 మంది ఎవరికీ గుర్తుండరు, ఈ ఒక్కరు గుర్తుంటారు, ఎందుకంటే వదిలేసింది మన వేలు.

ఆ ఏడే క్లింట్ హాకింగ్ అనే గేమ్ డిజైనర్ బయోషాక్ అనే గేమ్ గురించి రాస్తూ లూడోనారేటివ్ డిసొనెన్స్ అని ఒక నోరు తిరగని మాట పుట్టించాడు, కథ ఒకటి చెప్తుంటే ఆట ఇంకోటి చేయిస్తది అని. 2013 టూంబ్ రైడర్ దీనికి కరెక్ట్ ఎగ్జాంపుల్. హీరోయిన్ లారా మొదటిసారి మనిషిని చంపి వణికిపోతది, నిజంగా బాగా తీశారు, ఓ పావుగంట తర్వాత చూస్తే తలకి గురిపెట్టి కొట్టినందుకు పాయింట్లు వస్తుంటాయి. తర్వాతి పార్ట్ ట్రైలర్‌లో లారాని తీసుకెళ్లి థెరపిస్ట్ ముందు కూర్చోబెట్టారు, అసలు గేమ్‌లో మళ్లీ విల్లు, బాణాలు, మామూలే.

చేతిలోకి నిజంగా తెచ్చింది స్పెక్ ఆప్స్ ది లైన్, 2012. ఇసుకలో కూరుకుపోయిన దుబాయ్, కెప్టెన్ వాకర్, ఇద్దరు సైనికులు. వైట్ ఫాస్ఫరస్, అంటే మనుషుల్ని కాల్చేసే రసాయనం, దాని సీన్ గురించి ఆడినోళ్లకి చెప్పక్కర్లేదు, పై నుంచి స్క్రీన్ మీద తెల్లచుక్కల్ని కొట్టుకుంటూ పోతాం, తర్వాత కిందకి దిగి ఆ చుక్కల మధ్యలోంచి నడవాలి, అందులో మామూలు జనం, పిల్లలు. లోడింగ్ స్క్రీన్ మీద సాధారణంగా టిప్స్ వస్తాయి కదా, ఇందులో పోనుపోను నీకిప్పుడు హీరోలా అనిపిస్తోందా అని అడుగుతుంటది. ఒక ఎండింగ్‌లో వాకర్‌ని తీసుకెళ్లడానికి వచ్చిన సైనికుడు ఇంత జరిగాక ఎలా బతికారు సార్ అంటే, బతికానని ఎవరన్నారు అంటాడు. పెద్దగా అమ్ముడుపోలేదు, లైసెన్సులు అయిపోయాయని 2024 జనవరిలో ఆన్‌లైన్ స్టోర్ల నుంచి కూడా తీసేశారు, ఇప్పుడు కొందామన్నా కష్టం.

2014లో పోలండ్ వాళ్లు చేసిన దిస్ వార్ ఆఫ్ మైన్ ఇంకో అడుగు వేసింది. యుద్ధంలో ఇరుక్కున్న మామూలు మనుషులు, తిండి కోసం ముసలి దంపతుల ఇల్లు దోచుకోవచ్చు, ఎవడూ ఆపడు. కానీ ఇంటికొచ్చాక మనవాళ్లు దిగులుపడతారు, అది ముదిరితే మనిషి మూల కూలబడిపోతాడు, మనం ఎంత క్లిక్ చేసినా లేవడు. హీరో మాట వినకపోవడం అనేది చిన్న విషయం కాదు, అప్పటిదాకా బటన్ నొక్కితే కదలని హీరో అంటే బగ్ అనుకునేవాళ్లం.

ఇక లాస్ట్ ఆఫ్ అస్, కాటుతో అంటుకునే జబ్బు లోకాన్ని ముంచేశాక జరిగే కథ. 2013 మొదటి పార్ట్‌లో అందరూ హీరో జోయెల్ కూతురు చనిపోవడం గురించే మాట్లాడతారు గానీ చివర్లో అతనితో తిరిగే ఎల్లీ చెప్పేది వినండి, తనూ తన ఫ్రెండ్ రైలీ ఒకేసారి కాటు తిన్నారు, ఇద్దరం కలిసే పోదాం అనుకున్నారు, రైలీ పోయింది, ఎల్లీకి జబ్బు అంటలేదు, నా వంతు కోసం ఇంకా ఎదురుచూస్తున్నా అంటది. పద్నాలుగేళ్ల పిల్ల. తన ప్రాణంతో వ్యాక్సిన్ వస్తే ఆ బతకడానికో లెక్క ఉంటదనుకుంది, జోయెల్ ఆ అవకాశమే లేకుండా చేసి పైగా అబద్ధం చెప్పాడు, రెండో పార్ట్ కోపమంతా అక్కడిదే. ఆ రెండో పార్ట్‌లో పొలం దగ్గర సీన్ ఉంటది, ప్రశాంతంగా గొర్రెల్ని కొట్టంలోకి తోలుతుంటాం, లోపల పార ధన్‌మని కిందపడతది, అంతే, ఎల్లీ మళ్లీ జోయెల్‌ని చంపుతుంటే అరుపులు వినిపించిన ఆ గది బయటే ఉంటది, ఊపిరాడదు.

మా ఫ్రెండ్ ఒకడు దీన్ని 2021 సెకండ్ వేవ్ అయ్యాక ఆడాడు. ఆఫీసు నుంచి వైరస్ ఇంటికి తెచ్చింది వాడే, లేదా వాడే అని వాడి నమ్మకం, వాడు లేచి తిరిగాడు, వాళ్ల నాన్న తిరిగి రాలేదు. వచ్చిన చుట్టాలందరూ నీకు భూమ్మీద నూకలున్నాయిరా అన్నారు, ప్రేమతోనే అన్నారు, అది వాడికి ఎలా వినపడిందో ఎవరూ అడగలేదు. పార పడిన దగ్గర కంట్రోలర్ నా చేతిలో పెట్టి "నువ్వాడు, నాకు ఫోన్ మోగితే ఇట్లనే అయితది" అన్నాడు. హాస్పిటల్ నుంచి ఫోన్ వచ్చింది తెల్లవారుజామున, అప్పట్నుంచి ఆ టైంలో రింగ్ వినపడితే వాడికి కాళ్లు చల్లబడతాయి. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే ముందు నవ్వాడు, ఎందుకంటే మన సిటీలో అలాంటి మాటెత్తితే వచ్చే మొదటి జోకు ఎర్రగడ్డే కదా. తర్వాత వెళ్లాడు, ఇప్పుడు పర్లేదు. ప్రభుత్వానిది 14416 టెలిమానస్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 2022 నుంచి ఉంది, తెలుగులో కూడా మాట్లాడతారు, తెలిసినోళ్లు తక్కువ.

ఇప్పుడు లొల్లి మళ్లీ ఫైనల్ ఫాంటసీ దగ్గరికే వస్తోంది. రీమేక్ మూడు పార్టులు అన్నారు, 2020లో మొదటిది, 2024లో రీబర్త్, అందులో కథ ఏరిత్ దగ్గరికొచ్చి ఆగింది. 1997 గేమ్‌లో ఆ తర్వాతే క్లౌడ్ పూర్తిగా కుప్పకూలతాడు, మిడీల్ అనే ఊళ్లో వీల్‌చెయిర్‌లో కూర్చుని మాట కూడా రాని స్థితి, హీరో మన చేతిలోంచి పోతాడు, టీమ్‌లోని సిడ్‌తో ఆడాలి, తర్వాత వాడి చిన్ననాటి ఫ్రెండ్ టీఫాతో వాడి జ్ఞాపకాల్లోకి దిగి ఏది వాడిదో ఏది జాక్‌దో విడదీయాలి. పాత గేమ్‌లో అది చకచకా అయిపోతది. ఈసారి గ్రాఫిక్స్ వేరు, బడ్జెట్ వేరు, పైగా రీబర్త్‌లోనే క్లౌడ్ చూసేది నిజమో కాదో తెలీకుండా చేసి పెట్టారు, కాబట్టి ఆ ముక్కని పొడిగిస్తారనే నా లెక్క. పొడిగిస్తే మనోళ్లు "పైసలు పెట్టి కొన్న హీరోని గంటసేపు కుర్చీలో కూర్చోబెట్టారేంది" అని తిట్టడం గ్యారంటీ. నేను మాత్రం గంట కాదు, రెండు గంటలైనా కూర్చోబెట్టాలనే కోరుకుంటున్నా.