అటకెక్కిన బియ్యం బస్తా

విజయవాడ సింగ్ నగర్‌లో మా పెద్దమ్మ ఇంటి గోడ మీద నడుము ఎత్తున ఒక బురద గీత ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నీరు అక్కడిదాకా వచ్చింది. బియ్యం తడిసిపోయాయి, గ్యాస్ బండ తేలింది. నీళ్లు గడప దాటాక గానీ ఇంట్లో చలనం రాలేదు. ఇప్పుడు మబ్బు పడితే చాలు, బస్తా అటకెక్కుతుంది.

వైరస్ సోకిన కణాల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ అటక గుర్తొస్తుంది. వైరస్ చొరబడిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌ను బయటికి వదులుతుంది. ఇరుగుపొరుగు కణాలకు అదొక కబురు. అందుకున్న కణంలో వందలాది జన్యువులు మేల్కొంటాయి. వైరస్ తయారీ సూచనలు మోసే ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైములు, ప్రొటీన్ల తయారీనే నిలిపేసేవి సిద్ధమవుతాయి. 1957లో లండన్‌లోని మిల్‌హిల్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఈ ఇంటర్‌ఫెరాన్‌ను కనిపెట్టారు. వేడిచేసి చంపిన ఫ్లూ వైరస్‌లో కోడిగుడ్డులోని పిండపు పొర ముక్కలను నానబెట్టారు. ఆ తరవాత వాటి నుంచి వచ్చిన ద్రవాన్ని కొత్త ముక్కల మీద పోస్తే, బతికున్న వైరస్ వాటిలో సరిగా పెరగలేదు. చచ్చిన వైరస్‌కు కూడా కణం కబురు పంపిందన్నమాట.

రెండోసారి ఏం జరుగుతుందన్నదే అసలు కథ. ఇంటర్‌ఫెరాన్ తయారీని నడిపించే ఐఆర్‌ఎఫ్7 అనే ప్రొటీన్ చాలా కణాల్లో మామూలుగా కొద్దిగానే ఉంటుంది. ఇంటర్‌ఫెరాన్ తగిలితే దాని నిల్వ పెరుగుతుంది. కొత్త వైరస్ రాగానే కణం త్వరగా, దండిగా ఇంటర్‌ఫెరాన్ చేయగలదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వారు 2021లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. ప్రయోగశాలలో పెంచిన మనిషి శ్వాసనాళపు కణాలకు ముందుగా జలుబు తెచ్చే రైనోవైరస్ సోకించి, మూడు రోజులకు కరోనా వైరస్ ఎక్కించారు. కరోనా పెరగలేదు. ఇంటర్‌ఫెరాన్ పనిని మందుతో అడ్డుకుంటే మళ్లీ పెరిగింది. అలాగని జలుబు కోరి తెచ్చుకోనక్కరలేదు. ఈ కాపలా కొద్ది రోజులదే.

పైగా అన్నిసార్లూ ఇలా జరగదు. ఇంటర్‌ఫెరాన్ గట్టిగా, చాలాసేపు తగిలిన కణంలో యూఎస్‌పీ18 అనే ప్రొటీన్ పేరుకుంటుంది. అది కబురు అందుకునే గ్రాహకం దగ్గర అడ్డం పడుతుంది. కణం చెవిటిదవుతుంది. మూడు రాత్రులు వరసగా ఫోనులో వాన హెచ్చరిక మోగితే నాలుగో రాత్రి పెద్దమ్మ లేవలేదు. ఆమెను తప్పు పట్టలేం, కణాన్నీ పట్టలేం. ఒకప్పుడు హెపటైటిస్ సి రోగులకు ఇంటర్‌ఫెరాన్ సూదులు వేస్తే జ్వరం, ఒళ్లునొప్పులు పట్టుకునేవి. అసలు ఫ్లూ వచ్చినప్పుడు మనల్ని మంచం పట్టించేది చాలావరకు వైరస్ కాదు, ఇలాంటి కబుర్లే. వాటికి కళ్లెం లేకపోతే ఒంటికే చేటు.

ఈ చెవుడు పూర్తి మరుపు మాత్రం కాదు. జన్యువులు ప్రొటీన్ల చుట్టూ బిగుతుగా చుట్టుకుని ఉంటాయి. ఇంటర్‌ఫెరాన్ ఒకసారి మేల్కొలిపిన కొన్ని జన్యువుల దగ్గర, కబురు ఆగిపోయాక కూడా రసాయన గుర్తులు మిగులుతాయి. కణం రెండుగా చీలినా ఆ గుర్తులు పిల్లకణాలకు అందుతాయి. వైరస్‌ను ఎన్నడూ చూడని ఆ పిల్లకణాల్లో కూడా, ఇంటర్‌ఫెరాన్ మళ్లీ తగిలితే, ఆ జన్యువులు వేగంగా లేస్తాయి. మా పెద్దమ్మ మనవరాలు వరద తరవాత పుట్టింది. వాన పడితే బస్తా వైపు వేలు చూపిస్తుంది.