పొట్టి చేతుల లెక్క

1971 మార్చి 8, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్. బాక్సింగ్ పోటీలో ఆఖరిదైన పదిహేనో రౌండు. జో ఫ్రేజియర్ ఎడమ హుక్, అంటే మోచెయ్యి వంచి పక్క నుంచి విసిరే దెబ్బ, ముహమ్మద్ అలీ దవడకు తగిలింది. అలీ వెల్లకిలా పడ్డాడు, బూట్లకున్న ఎర్ర కుచ్చులు గాల్లోకి లేచాయి. కొన్ని క్షణాల్లోనే లేచి నిలబడ్డాడు కానీ, ఆ రాత్రి గెలుపు ఫ్రేజియర్‌దే.

ఇలా మీదమీదకి వెళ్లే బాక్సర్‌ని చూస్తే, వీడికి ఒళ్లంతా కోపమేననిపిస్తుంది. నేనూ చాన్నాళ్లు అలాగే అనుకున్నాను, కొలతలు చూసేదాకా. అలీ బార 78 అంగుళాలు, ఫ్రేజియర్ బార 73. ఒక్కో చేతికి తేడా రెండున్నర అంగుళాలే, నిజమే. కానీ ఆ రెండున్నర అంగుళాల మేర అలీ దెబ్బ ఫ్రేజియర్‌కి తగులుతుంది, ఫ్రేజియర్ దెబ్బ గాలికి తగులుతుంది. పైగా అలీ మూడంగుళాలకు పైనే పొడుగు. అందనంత దూరం పోతే దెబ్బలు తప్పుతాయి, గెలుపూ తప్పుతుంది. ఇక మిగిలింది లోపలికి దూరడమే.

లోపలికి దూరాక లెక్క తిరగబడుతుంది. నేరుగా విసిరే పంచ్ వేగం అందుకోవాలంటే జాగా కావాలి. ఎదుటివాడు ఛాతీకి ఆనుకుని నిలబడితే పొడుగు చెయ్యి తొయ్యగలదే తప్ప కొట్టలేదు. హుక్‌కి ఆ ఇబ్బంది లేదు. మోచెయ్యి వంగే ఉంటుంది. పాదం నేలను తన్నిన బలం నడుము తిరగడంతో భుజానికెక్కి, పిడికిట్లోకి దిగుతుంది. చిన్నప్పుడు పంది తరిమితే పడి ఎడమ చేతికి దెబ్బ తగిలిందనీ, వైద్యం లేక అది మళ్లీ పూర్తిగా చాపుకోలేదనీ ఫ్రేజియర్ చెప్పుకున్నాడు. హుక్ కోసమే వంచిపెట్టినట్టుండే చెయ్యి!

దవడ పక్కన తగిలిన హుక్ తలను మెడ మీద గిరుక్కున తిప్పుతుంది. బాగా తోడుకున్న పెరుగు గిన్నెను చటుక్కున తిప్పి చూడండి: గిన్నె తిరుగుతుంది, పెరుగు ఓ క్షణం వెనకబడుతుంది, అంచుల దగ్గర బీటలు వారుతుంది. పుర్రెలో మెదడుదీ దాదాపు అదే అవస్థ. స్పృహ తప్పించడంలో నేరుగా వచ్చే తాకిడి కంటే ఈ మెలితిప్పుడే ప్రమాదకరం.

అసలు కష్టం లోపలికి వెళ్లే దారిలో ఉంది. అక్కడ తల ఒకే చోట ఉంచితే అంతే సంగతులు. అందుకే ఫ్రేజియర్ నడుము వంచి, ఊగుతూ వచ్చేవాడు. ఆ బరువంతా మోసేది తొడలు. మైక్ టైసన్‌కి శిక్షణ ఇచ్చిన కస్ డమాటో పరుపు చుట్టిన బొమ్మ మీద అంకెలు రాయించాడు. పిలిచిన అంకె మీద పిడికిలి పడాలి. కోపంతో కాదు, ఎక్కాలు అప్పజెప్పినట్టు. 1986లో ఇరవయ్యేళ్లకే హెవీవెయిట్ విజేత అయిన ఆ కుర్రాడి ఎత్తు, ఆ బరిలో చూస్తే, పొట్టికిందే లెక్క.

ఈ పద్ధతికి విరుగుడు మరో బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ చేతుల్లో కనిపించింది. 1973 జనవరి 22న జమైకాలోని కింగ్‌స్టన్‌లో అతను ఫ్రేజియర్‌ని ముందు చేతులతో తోసి దూరం సరిచేసుకున్నాడు, ఆ వెంటనే తల వంగే చోటికి కింది నుంచి అప్పర్‌కట్ పంపాడు. ముందుకొచ్చే తల వేగం, ఎదురొచ్చే పిడికిలి వేగం రెండూ కలిశాయి. ఫ్రేజియర్ రెండు రౌండ్లలో ఆరుసార్లు పడ్డాడు, ఆరుసార్లూ లేచాడు. రెఫరీ పోటీ ఆపేసే సమయానికి కాళ్ల మీదే ఉన్నాడు.